ఎవరూ ముట్టుకోని సర్వరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు ఒళ్ళు మండించిన మాట ఒకటుంది. "మేమేం చెయ్యలేదండి, దానంతటదే ఆగిపోయిందండి." కంప్యూటర్ల దగ్గర పనిచేసే మీ తరం వాళ్ళకి కూడా ఈ మాట రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా నన్నది వదల్లేదు. మొన్న మిక్సీ ఆగిపోతే మా ఆయన అచ్చం అదే అన్నారు. అందుకని ఆ మాట వల్ల ఒకసారి నా ప్రాణం ఎంత విసిగిందో చెబుతాను. కంప్యూటర్ల గురించి తెలియనివాళ్ళు కూడా చదవొచ్చు. ఇందులో కంప్యూటరు చేసిన తప్పేమీ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, రాజమండ్రికి దగ్గర్లో, బస్సు దిగి కాలవ గట్టు వెంబడి కాస్త నడిస్తే వచ్చే ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. కాయితాల మీద నా హోదా ప్రోగ్రామరు. నిజానికి ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం లాగడం దగ్గర్నుంచి కరస్పాండెంటు గారి మనవడి జాతకం ప్రింటు తియ్యడం దాకా అన్నీ నేనే. కరస్పాండెంటు అంటే కాలేజీ యాజమాన్యానికి పెద్ద. ప్రిన్సిపాల్ గారికన్నా పెద్ద అని వేరే చెప్పక్కర్లేదు.

ఆ ల్యాబ్‌లో అందరూ వాడే సాఫ్ట్‌వేరు బదులు లినక్స్ అనేది పెట్టించింది నేనే. ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలు తెచ్చి ఎక్కించాను. దాని గొప్పతనం గురించి కరస్పాండెంటు గారికి చాలాసేపు చెప్పాను గానీ, ఆయన "ఉచితం" అన్న మాట దగ్గరే ఆగిపోయారు. గదిలో ఉన్నవన్నీ పాత మిషన్లు. సొంతంగా పనిచేసే ఓపిక వాటికి లేదు. అందుకని ఒక్కటి మాత్రం కాస్త గట్టిది కొనిపించి, దాన్ని సర్వరుగా పెట్టి, మిగతావన్నీ దానికి తగిలించాను. పిల్లలు ఏ మూల కూర్చుని టైపు చేసినా, రాసిందంతా వెళ్ళి ఆ సర్వరు లోపలి హార్డ్ డిస్కులోనే కూర్చునేది. దానికి నకలు లేదు. ఎందుకు లేదని నన్నడక్కండి. ఇంకో డిస్కు కొనమని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది.

నాతో పాటు ల్యాబ్‌లో ఒక అసిస్టెంటు ఉండేవారు. వయసులో నాకన్నా చాలా పెద్ద. అంతకుముందు రాజమండ్రిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఆఫీసుల్లో ఉన్న గుమాస్తాల్లో చాలామంది ఆయన దగ్గర టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసైనవాళ్ళే. కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఇక్కడ చేరారు, అదీ టెంపరరీగా. అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. ల్యాబ్ బయట చెప్పులు విడవాలన్న నియమం అందరికీ ఉండేది. మాస్టారు కాళ్ళు కూడా కడుక్కుని వచ్చేవారు. అంత భక్తి ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని పనిచెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఏడు దసరా సెలవులకి నేను పిఠాపురం, మా అత్తవారింటికి వెళ్ళాను. సెలవులైపోయి కాలేజీ తెరిచిన మర్నాడే ఎంసీఏ పిల్లలకి ప్రాక్టికల్సు. యూనివర్సిటీ వాళ్ళు పంపే ఎక్స్‌టర్నల్, అంటే బయటి పరీక్షాధికారి, వస్తారు. ఒక్కొక్కరూ తాము రాసిన మినీ ప్రాజెక్టుని ఆయన ముందు నడిపించి చూపించాలి. నడవకపోతే తప్పినట్టే.

పొద్దున్నే వచ్చి సర్వరు ఆన్ చేశాను. మామూలుగానే మొదలైంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తాయి. నేను కుర్చీ లాక్కునేలోపే ఆగిపోయాయి. చివరి వరసలో "కెర్నెల్ పానిక్" అని పడింది. మన మాటల్లో చెప్పాలంటే, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు, ఇక్కడే కూలబడిపోతున్నాను అని. దానికి పైనే కారణం కూడా రాసింది. మొదటి డిస్కు తెరవడం నా వల్ల కావట్లేదంది.

ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ అక్కడే కూలబడింది. ఇలాంటి రోజు కోసమే బీరువాలో దాచిన ఫ్లాపీ ఒకటుంది, దాంతో లేపుదామని తీశాను. మన గోదావరి తేమకి దానికి బూజు పట్టి ఉంది. అవసరానికి పనికిరానివాటిని అంత పదిలంగా దాచుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"మాస్టారూ, సెలవుల్లో దీన్నెవరైనా ముట్టుకున్నారా అండి?" అని అడిగాను.

"లేదండి మేడం. తాళం నా దగ్గరే ఉందండి. చీమ కూడా రాలేదండి."

"కరెంటేమైనా ఎక్కువా తక్కువా వచ్చిందా?"

"మెయినే ఆపేశానండి. మీరు వెళ్ళినరోజే ఆపేశానండి."

"మరి వేరే ఎవరైనా ఏదైనా చేశారేమో."

"ఎవరూ ఏం చెయ్యలేదండి. దానంతటదేనండి."

మాస్టారు అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకని ఆ మాట తీసి పక్కన పెట్టేసి, డిస్కు చెడిందా, లోపల ఫైళ్ళు చెడ్డాయా, మెమరీ వదులైందా అని తెలిసిన దారులన్నీ తిరిగాను. తిరిగినకొద్దీ తెరమీద అదే వరస. ఈలోగా ప్రతి డిపార్టుమెంటు నుంచీ ఒక్కొక్కరు వచ్చి ఒక్కో సలహా ఇచ్చి వెళ్ళారు. గదిలో ఏసీ ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. ఇద్దరూ ఏసీ కింద కాసేపు నిలబడి చల్లబడి వెళ్ళారు.

తర్వాత కరస్పాండెంటు గారు వచ్చారు.

"ఏంటమ్మా, పానిక్ అని పడిందంట. వైరస్సా?"

"వైరస్సు కాదండి. డిస్కు దొరకట్లేదంటోందండి."

"ఉచితంగా వచ్చినదాంతో ఇదే గొడవమ్మా. నేనప్పుడే అన్నాను."

ఆయన అప్పుడేమన్నారో నాకు బాగా గుర్తుంది. ఆయన అక్కడినుంచే కంప్యూటర్లు అమ్మిన డీలరుకి ఫోను చేశారు. డీలరు పంపిన ఇంజనీరు మోటారుసైకిలు మీద, భుజానికి సీడీల సంచీతో దిగాడు. అతనికి తెలిసిన వైద్యం ఒక్కటే. తెర వంక ఒక చూపు చూసి, "డిస్కు పోయిందండి. ఫార్మాట్ కొట్టి మొత్తం తుడిచేసి, అందరూ వాడేదే ఎక్కించేస్తానండి. సాయంత్రానికి రెడీ" అన్నాడు.

"డిస్కు పోతే మరి ఫార్మాట్ దేన్ని కొడతారండి?" అన్నాను.

అతను నన్ను వదిలేసి కరస్పాండెంటు గారి వైపు తిరిగి, "ఇలాంటివి మేం రోజూ చూస్తామండి" అన్నాడు.

కరస్పాండెంటు గారు అటూ ఇటూ చూసి తీర్పు చెప్పేశారు. "భోజనాల దాకా నువ్వు చూడమ్మా. అప్పటికీ లేవకపోతే ఈయన చేతికిచ్చెయ్. రేపు ఎక్స్‌టర్నల్ గారొచ్చేసరికి ల్యాబ్ అంతా నల్ల తెరలుంటే కాలేజీ పరువేం కాను?"

"పిల్లల ప్రాజెక్టులన్నీ దాంట్లోనే ఉన్నాయండి."

"మళ్ళీ టైపు చేసుకుంటారమ్మా. చేసిందే కదా, ఎంతసేపు."

ఆ మాటకి నాకు కన్నీళ్ళొచ్చేంత కోపమొచ్చింది. ఒక సెమిస్టరు పాటు చేసిన పని ఎంతసేపట. ఆయన ఇంజనీరుని తీసుకుని తన గదిలోకి కాఫీకి వెళ్ళిపోయారు. సీడీల సంచీ మాత్రం నా బల్ల మీదే వదిలేసి వెళ్ళాడతను.

అప్పటికే వరండాలో పిల్లలు గుమిగూడారు. వాళ్ళలోంచి ఒక అమ్మాయి గుమ్మం దాకా వచ్చి ఆగింది. కడియం నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాన్న నర్సరీల్లో మొక్కలకి అంట్లు కడతాడు. ఆ పిల్ల రాసిన ప్రాజెక్టు కూడా దాని గురించే. ఏ ఊరికి లోడు వెళ్ళాలి, దారిలో ఎన్నాళ్ళు పడుతుంది, ఏ మొక్క ఎండకి తట్టుకుంటుంది చెబితే, లారీలో దేన్ని లోపలికి సర్దాలో దేన్ని అంచున పెట్టాలో చెప్పే ప్రోగ్రాము. నాకు తెలిసి ఆ క్లాసులో పుస్తకంలోంచి ఎత్తకుండా సొంతంగా రాసింది ఆ పిల్లొక్కతే. ఇంట్లో కంప్యూటరు లేదు. రాసిందంతా ఆఖరి బస్సు టైము దాకా నా ల్యాబ్‌లో కూర్చుని రాసిందే.

"మేడం, ఫార్మాట్ అంటే మావి కూడా పోతాయా అండి?"

"మీవి అని వేరే ఉండవమ్మా. అన్నీ పోతాయి."

"అయితే నాది రేపు నడవదాండి?"

ఆ నెలలోనే రాజమండ్రిలో ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగాలకి పరీక్ష పెడుతున్నారు. ఒక్క సబ్జెక్టు తప్పినా దానికి కూర్చోనివ్వరు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు. "పోనివ్వనులే, వెళ్ళి కూర్చో" అని కసిరాను. ఎలా పోనివ్వనో నాకే తెలియదు. ఆ పిల్ల వరండాలో స్తంభం పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. వాళ్ళు లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం.

నేను మళ్ళీ తెర ముందు కూర్చున్నాను. ఈసారి విసుగు ఆపుకుని మొదటి వరస నుంచీ చదివాను. చదువుతుంటే తట్టింది. ఆ మొదటి అక్షరాలు ఎక్కడినుంచి వస్తున్నట్టు? ఆ డిస్కులోంచే. డిస్కు పోయి ఉంటే ఒక్క అక్షరం కూడా రాదు. నోట మాట వస్తోందంటే మనిషి బతికే ఉన్నట్టు. మరి బతికున్నదాన్ని పట్టుకుని ఇది దొరకట్లేదని ఎందుకంటోంది?

ఇక్కడ ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. ఆ రోజుల్లో లినక్స్‌కి డిస్కు మొహంతో పని లేదు, అది ఎక్కడుందన్నదే ముఖ్యం. మొదటి కేబులుకి తగిలించినదే నీ డిస్కు అని ఎక్కించేటప్పుడు మనం రాసిపెడతాం. అది అదే పట్టుకుంటుంది. మనం ఇల్లు మారి పక్క వీధికి వెళ్ళినా, పాత ఇంటి తలుపే కొట్టి, మనవాళ్ళు కాదని తెలిసి అక్కడే చతికిలబడే చుట్టంలాంటిది. అంటే డిస్కు చోటు మారింది. చోటు మారాలంటే ఎవరో మార్చాలి. ఎవరూ ముట్టుకోలేదన్నారు. పొద్దుటి నుంచీ నేను ఆ మాట చుట్టూనే గానుగెద్దులా తిరుగుతున్నాను.

స్క్రూడ్రైవరు తీసుకున్నాను. సర్వరు పెట్టె మూత స్క్రూలు చేత్తో తిప్పితేనే వచ్చేశాయి. నేనెప్పుడూ అంత వదులుగా బిగించను. మూత తీసి చూశాను.

డిస్కు మీద మూడు పసుపు చుక్కలు, వాటి మీద కుంకుమ. పక్కన కేబులు సందులో ఎండిపోయిన బంతిపూవు రేక. అడుగున నాలుగు అక్షింతలు. డిస్కుకి ఉండాల్సిన కేబులు సీడీ డ్రైవుకి ఉంది. సీడీ డ్రైవుది డిస్కుకి ఉంది.

"మాస్టారూ," అన్నాను.

"అండి."

"ఇదేంటండి?"

ఆయన వంగి చూశారు. "బొట్టండి."

"ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

"ముట్టుకోలేదన్నారు కదండీ."

"ముట్టుకోలేదండి మేడం. పూజ చేశానండి."

నేను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాను. చేతిలో ఉంటే ఏం చేస్తానో అని భయమేసింది. మాస్టారు మాత్రం నెమ్మదిగా అంతా చెప్పుకొచ్చారు. సెలవుల్లో సెమినార్ హాల్లో ఆయుధ పూజ చేశారట. సివిలు వాళ్ళు సర్వే పరికరం తెచ్చారు, మెకానికల్ వాళ్ళు సుత్తులూ ఆకురాళ్ళూ తెచ్చారు, కాలేజీ బస్సు డ్రైవర్లు స్పానర్లు పెట్టారు. కంప్యూటర్ల తరఫున ఒక కీబోర్డు పెట్టమన్నారట.

"కీబోర్డుకేం పూజండి. పాడైతే పారేసి ఇంకోటి తెచ్చుకుంటాం. అందుకని డిస్కు తీసుకెళ్ళానండి. స్నానం చేసొచ్చి, పొడిబట్టతో తీశానండి. నీళ్ళు తగలనివ్వలేదండి. నైవేద్యం అయ్యాక మళ్ళీ జాగ్రత్తగా పెట్టేశానండి."

"కేబుళ్ళు మారిపోయాయి మాస్టారూ."

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదండీ," అన్నారాయన. తర్వాత సంగతి అర్థమై ఆయన మొహం తెల్లబోయింది. "అంటే పొద్దుటి నుంచీ ఈ గొడవంతా నావల్లేనాండి?"

రెండు కేబుళ్ళూ పీకి, దేనిది దానికి పెట్టి, స్విచ్ వేశాను. అక్షరాలు పరుగెత్తాయి. పానిక్ దగ్గర ఆగుతాయేమోనని చూశాను. ఆగలేదు. దాటుకుని వెళ్ళిపోయి, పేరు చెప్పమని అడిగే చోటికి వచ్చి నిలబడ్డాయి. లోపలికెళ్ళి చూస్తే పిల్లల ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. కడియం పిల్లని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. ప్రోగ్రాము నడిచింది. ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను గానీ, కీబోర్డు మీద చేతులు అలాగే ఉంచి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంటు గారు, వెనకాల ఇంజనీరు వచ్చారు.

"లేచిందా? ఏమైందమ్మా?"

కేబులు వదులైందని చెప్పేద్దామని నోరు తెరిచాను. మాస్టారిది టెంపరరీ ఉద్యోగం. ఇంతకన్నా చిన్నవాటికే మనుషుల్ని మాన్పించడం ఆ కాలేజీలో చూశాను. ఎంత ఒళ్ళు మండినా, ఆ వయసులో ఆయన ఇంకో ఉద్యోగం వెతుక్కోవడం నాకిష్టం లేదు. కానీ నాకన్నా ముందే మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి, "నా పొరపాటేనండి. డిస్కు తీసి అమ్మవారి దగ్గర పెట్టానండి. మళ్ళీ పెట్టేటప్పుడు కేబులు తారుమారైందండి" అని అంతా చెప్పేశారు.

కరస్పాండెంటు గారు మూత తీసిన సర్వరులోకి వంగి ఆ పసుపు చుక్కల్ని చూశారు. పూజ పీట మీద డిస్కుని ఊహించుకుంటున్నారని నాకు తర్వాత అర్థమైంది.

"హార్డ్ డిస్కునే పూజలో పెట్టారా?"

"పెట్టానండి."

"అందుకేనయ్యా," అని ఇంజనీరు వైపు తిరిగారు. "ఒక్క అక్షరం పోలేదు చూశావా? నువ్వేమో ఫార్మాట్ అన్నావు." మళ్ళీ మాస్టారితో, "మంచి ఆలోచనండీ. వచ్చే ఏడు అన్ని మిషన్ల డిస్కులూ పెట్టించండి" అన్నారు.

నా ల్యాబ్‌లోని డిస్కులన్నీ పసుపు రాసుకుని పీట మీద వరసగా కూర్చున్నట్టు కళ్ళ ముందు మెదిలి, నాకు నిజంగానే తల తిరిగింది.

మర్నాడు ప్రాక్టికల్సు జరిగాయి. ఎక్స్‌టర్నల్ గారు ఆ అమ్మాయిని ఏవో ప్రశ్నలడిగి, లారీ సంగతి విని, "గులాబీ అంట్లు అంచున పెడితే ఏమవుతుంది?" అన్నారు. ఆ పిల్ల ప్రోగ్రాము వంక చూడకుండానే గడగడా చెప్పింది. పాసైంది, కంపెనీ పరీక్షకి వెళ్ళింది, ఉద్యోగం కూడా తెచ్చుకుంది. ఆ రోజు బయటికొస్తూ నాతో, "నిన్నంతా ప్రార్థన చేశానండి. యేసయ్య విన్నాడండి" అంది. డిస్కుని కాపాడింది అమ్మవారని ఒకరు, యేసయ్యని ఒకరు. మూత విప్పిన మనిషి ఊసు ఎవరూ ఎత్తలేదు.

అంతా వెళ్ళిపోయాక క్యాంటీన్లో మాస్టారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కడిగేద్దామని మొదలుపెట్టాను.

"చేసింది చేశారు, అడిగినప్పుడైనా చెప్పాలి కదండీ."

"ఇన్‌స్టిట్యూట్లో ఏటా మిషన్లన్నీ తుడిచి గంధం పెట్టేవాణ్ణండి. అక్కడ పెట్టింది ఇక్కడ పెట్టినా టైపు మిషను పనిచేసేదండి. ఇది కూడా అంతేననుకున్నాను."

"అయినా డిస్కే ఎందుకండీ? మానిటరుకి పెట్టుకోవచ్చు కదా బొట్టు."

"మానిటరుకి పెడితే టీవీకి పెట్టినట్టుంటుందండి. పిల్లల చదువంతా ఆ డిస్కులోనే ఉంది, అది పోతే వాళ్ళే పోయినట్టు అని మీరే కదండీ అన్నారు. మీరు చెప్పాకే నాకు తెలిసింది దేనికి దణ్ణం పెట్టాలో."

ఇద్దరి టీకీ డబ్బులు నేనే ఇచ్చి లేచాను.

ఆ వారమే కరస్పాండెంటు గారి గదికి వెళ్ళాను. నకలు కోసం రెండో డిస్కు కావాలని ఆయన్ని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఈసారి నకలు అన్న మాటే ఎత్తలేదు. "దసరాకి పూజలో ఒకటి కూర్చుంటే, మిషన్లో ఇంకోటి ఉండాలండి. లేకపోతే పని ఆగిపోతుంది. మిగతా మిషన్ల జోలికి పోనక్కర్లేదండి, అన్నిటికీ అదొక్కటే పెద్ద దిక్కు" అన్నాను. ఆయన తలూపి అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. చదువుకున్న చదువూ చెప్పిన కారణాలూ ఏవీ తేలేని డిస్కు అలా వచ్చింది.

మరుసటి దసరాకి నేను పిఠాపురం వెళ్ళలేదు, భయమేసి. పూజ నాటికి డిస్కులో ఉన్నదంతా రెండో దాని మీదకి ఎక్కించి, ఆ నకలుని ముందే తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. అసలుది సర్వర్లో తిరుగుతూనే ఉంది. మాస్టారు స్నానం చేసి, తడితల మీద తువ్వాలు చుట్టుకుని వచ్చారు. నకలు తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి.

ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు.

"మేడం, పిల్లలవి ఉన్నది దీంట్లోనేనాండి?"

ఉన్నాయని చెబితే అబద్ధం కూడా కాదు. ఒక్క అక్షరం తేడా లేకుండా అన్నీ దాంట్లోనూ ఉన్నాయి. అయినా ఆ మనిషి మొహం చూస్తూ అవునని అనలేకపోయాను. పాడు మొహమాటం అని నన్ను నేను తిట్టుకుంటూ సర్వరు ఆపి, స్క్రూడ్రైవరు తీసుకుని, అసలుది విప్పడానికి కింద కూర్చున్నాను.